పరాయి పడవ మన సముద్రంలో వల వేస్తే: ఆంక్షలు ఎవరి మీద పెట్టాలి, ఎలా పెట్టాలి

ముందు ఘనా సంగతి చెప్తాను. ఆంక్షలు ఎలా పెట్టకూడదో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు ఇంకోటి కనపడలేదు. 2019 జూన్‌లో లు రోంగ్ యువాన్ యు 956 అనే ట్రాలర్‌ని (పెద్ద వలను ఈడ్చుకుంటూ చేపలు పట్టే పడవని) అక్కడి అధికారులు పట్టుకున్నారు. వల కన్ను ఉండాల్సిన దానికంటే చిన్నది, పట్టిన వాటిలో ఎదగని చేపపిల్లలున్నాయి. పది లక్షల డాలర్ల జరిమానా పడింది. ఓనర్లు కట్టలేదు. కట్టకపోయినా లైసెన్సు మళ్లీ చేతికొచ్చింది, ఏడాది తిరిగేలోపు, 2020 మే చివర్లో, అదే పడవ అదే తప్పు చేస్తూ మళ్లీ దొరికింది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ పడవ మీద ఎగిరేది ఘనా జెండానే. కాగితాల ప్రకారం అది విదేశీ పడవే కాదు. జెండా ఘనాది, వెనకున్న పెట్టుబడి చైనా కంపెనీది. అంటే జరిమానా ఎంత వేశామన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న కాదు, ఎవరి జేబులోంచి వస్తుంది, రాకపోతే ఏం చేస్తాం అన్నదే అసలు ప్రశ్న. ఈ రెంటికీ జవాబు లేకుండా పెట్టే ఆంక్ష ఏదైనా కాగితం మీదే ఉండిపోతుంది.

కాబట్టి మీరు ఒక తీరదేశపు మత్స్యశాఖలో కూర్చున్నారనుకోండి. లేదా ఆ శాఖకు అర్జీ పెట్టే మత్స్యకార సంఘంలో ఉన్నారనుకోండి, లేదా ఈ విషయం మీద రాసే విలేకరి అనుకోండి. చేతిలో ఏ ఆయుధాలున్నాయి, ఏది ముందు వాడాలి, ఏది ఎక్కడ ఎదురు తన్నుతుందో చెప్తాను.

పడవ ఎవరిదో ముందు తేల్చండి

హార్బర్‌లో మనకు తెలిసిన లెక్క చాలా తేలిక. బోటు ఓనరు ఒకడు, బోటు నడిపే సరంగు ఒకడు, కలాసీలు కొంతమంది, చేపలు కొనే సేటు ఒకడు. పెద్ద సముద్రాల్లో దొంగవేట చేసే పడవకు ఈ లెక్క పనికిరాదు. జెండా ఒక దేశానిది, ఓనరు పేరిట ఉన్న కంపెనీ ఇంకో దేశంలో, అది కూడా ఒక పోస్టుబాక్సు మాత్రమే, కెప్టెన్ మరో దేశం వాడు, కింద పనిచేసేవాళ్లు ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన పేద కుర్రాళ్లు, చేప తినేవాడు యూరప్‌లోనో జపాన్‌లోనో ఉంటాడు.

థండర్ అనే పడవ కథ చూడండి. అంటార్కిటికా చుట్టూ దొరికే టూత్‌ఫిష్ కోసం ఏళ్ల తరబడి దొంగవేట చేసింది. కూకో, టైఫూన్ 1, వుహాన్ ఎన్4, ఇలా పేర్లు మార్చుకుంటూ తిరిగింది, జెండాలూ మార్చింది. అంటార్కిటిక్ జలాలను చూసే అంతర్జాతీయ కమిషన్ దాన్ని నల్లజాబితాలో పెట్టింది, 2013 డిసెంబరులో ఇంటర్‌పోల్ కూడా నోటీసు ఇచ్చింది. అయినా ఆగలేదు. చివరికి సీ షెపర్డ్ అనే స్వచ్ఛంద సంస్థ ఓడ 2014 డిసెంబరు నుంచి 110 రోజులు దాని వెంట పడింది. 2015 ఏప్రిల్ 6న పశ్చిమ ఆఫ్రికా పక్కనున్న సావో టోమే అనే ద్వీపదేశం దగ్గర థండర్ మునిగిపోయింది. సాక్ష్యం పోవాలని వాళ్లే ముంచుకున్నారని వెంటపడిన వాళ్ల మాట. కెప్టెన్‌కూ ఇంజనీర్లకూ అక్కడి కోర్టు శిక్ష వేసింది, 1.5 కోట్ల యూరోల జరిమానా కూడా వేసింది. ఆ కెప్టెన్ అంత డబ్బు ఎక్కడినుంచి తెస్తాడు? పడవ సముద్రం అడుగున ఉంది, ఓనరు ఎక్కడో ఇంట్లో ఉన్నాడు.

అందుకే మొదటి పని ఇది. పేరునీ జెండానీ నమ్మొద్దు. పెద్ద పడవలకు ఐఎంఓ నంబరు అని ఒకటి ఉంటుంది, మన బండికి ఛాసిస్ నంబరులాంటిది, పేరు మారినా జెండా మారినా అది మారదు. ఫైలు ఆ నంబరు మీద తెరవండి. దాని కింద పాత పేర్లు, పాత జెండాలు, ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీ, డీజిల్ పోసిన పడవ, చేప దింపిన రేవు, కొన్నవాడు, ఇవన్నీ చేర్చుకుంటూ పోండి. లైసెన్సు దరఖాస్తులో అసలు లబ్ధిదారుడి పేరు రాయాలని, అబద్ధం రాస్తే లైసెన్సు రద్దని, ముందే షరతు పెట్టండి. ఘనాలో తప్పిపోయింది ఇక్కడే.

ఏ నీళ్లలో ఏం చేయొచ్చు

ఇక చట్టం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల వరకు ప్రాదేశిక జలాలు, అక్కడ దాదాపు నేల మీద ఉన్నంత అధికారం ఉంటుంది. 200 మైళ్ల వరకు ప్రత్యేక ఆర్థిక మండలి, అక్కడ చేపల మీద హక్కు మనదే కానీ శిక్షకు హద్దులున్నాయి. ఆ పైన అందరి సముద్రం. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో 73వ అధికరణం ఈ హద్దుల్ని చెప్తుంది. ఆర్థిక మండలిలో విదేశీ పడవను ఆపొచ్చు, ఎక్కి తనిఖీ చేయొచ్చు, పట్టుకోవచ్చు, కేసు పెట్టొచ్చు. కానీ సరైన పూచీకత్తు కడితే పడవనూ మనుషుల్నీ వెంటనే వదలాలి. చేపల నేరానికి జైలు వేయకూడదు, రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప. పట్టుకున్న సంగతి జెండా దేశానికి వెంటనే చెప్పాలి.

మన దేశపు చట్టం 1981లో వచ్చింది. విదేశీ ఓడల చేపలవేటను నియంత్రించే చట్టం అది. ఒప్పందం కంటే ఏడాది ముందు వచ్చినా ఇదే లెక్కలో ఉంది. ప్రాదేశిక జలాల్లో లైసెన్సు లేకుండా వేటాడితే మూడేళ్ల వరకు జైలు, లేదా 15 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆర్థిక మండలిలో అయితే జైలు లేదు, 10 లక్షల వరకు జరిమానా. అధికారులను అడ్డుకుంటే వేరే శిక్ష. లైసెన్సు లేని విదేశీ పడవ మన జలాల గుండా దాటిపోతుంటే వలలూ సామానూ లోపల సర్దేసి ఉంచాలి, అదీ చట్టంలోనే ఉంది.

1981లో 10 లక్షలంటే పెద్ద మాటే. ఇప్పుడు? పెద్ద ఫ్రీజర్ పడవ ఓనరుకి అది డీజిల్ ఖర్చులో ఒక మూల. కానీ ఈ చట్టాన్ని పళ్లు లేనిదని కొట్టిపారేయకండి. పళ్లు 13వ సెక్షన్‌లో ఉన్నాయి. నేరం రుజువైతే పడవ, వలలు, సామాను, చేప, లేదా చేప అమ్మిన డబ్బు జప్తుకి వస్తాయి. అంటే జరిమానా తక్కువైనా పడవే పోతుంది. ఆస్ట్రేలియా ఇంకో అడుగు వేసింది. వాళ్ల చట్టంలో విదేశీ పడవ దొంగవేట చేసిన క్షణంలోనే ప్రభుత్వానిదైపోతుంది, కావాలంటే ఓనరు కోర్టుకొచ్చి నాదని అడగాలి. అడగడానికి ముందుకొస్తే ఓనరెవరో తెలిసిపోతుంది, అందుకే చాలామంది రారు. తెలివైన ఏర్పాటు అని నాకనిపిస్తుంది.

జరిమానా ఎంత పెట్టాలో తెలియకపోతే యూరప్ పద్ధతి చూడండి. అక్కడ 2010లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం పెద్ద తప్పులకు గరిష్ఠ జరిమానా పట్టిన చేప విలువకు కనీసం ఐదు రెట్లు ఉండాలి, ఐదేళ్లలో మళ్లీ చేస్తే ఎనిమిది రెట్లు. చట్టంలో రూపాయల్లో అంకె రాస్తే పదేళ్లకి కరిగిపోతుంది. చేప విలువకి ఇన్ని రెట్లు అని రాస్తే కరగదు.

పూచీకత్తు దగ్గర కాలు జారొద్దు. 2002లో ఆస్ట్రేలియా వోల్గా అనే రష్యా జెండా పడవను పట్టుకుని 33 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా పూచీ అడిగింది. అందులో పది లక్షలు మున్ముందు బుద్ధిగా ఉంటామన్న హామీ కింద, పడవలో ట్రాకింగ్ పరికరం పెట్టాలన్న షరతు కూడా ఉంది. రష్యా హాంబర్గ్‌లోని అంతర్జాతీయ సముద్ర చట్ట ట్రిబ్యునల్‌కి వెళ్లింది. ట్రిబ్యునల్ ఆ అదనపు షరతులు చెల్లవంది, పూచీని 19.2 లక్షలకు తగ్గించింది. అంటే పడవ, ఇంధనం, సామాను విలువ ఎంతో అంతకు పూచీ అడగండి, లెక్క కాగితం మీద చూపించండి. బుద్ధి చెప్పాలన్న కోరిక అందులో కలపకండి, దానికి వేరే దారులున్నాయి.

సాక్ష్యం

ఇది అందరికీ బోరు కొట్టే భాగం, కేసులు పోయేదీ ఇక్కడే. 2003 ఆగస్టులో వియార్సా 1 అనే ఉరుగ్వే జెండా పడవను ఆస్ట్రేలియా గస్తీ ఓడ తమ దేశానిదే అయిన హెర్డ్ ద్వీపం దగ్గర చూసింది. ఆగమంటే ఆగలేదు. మంచుగడ్డల మధ్య, తుపానుల మధ్య 21 రోజులు, 3,900 నాటికల్ మైళ్లు వెంటాడి దక్షిణ అట్లాంటిక్‌లో పట్టుకున్నారు. పడవలో టన్నుల కొద్దీ టూత్‌ఫిష్ ఉంది. 2005లో పెర్త్‌లో జ్యూరీ వాళ్లను నిర్దోషులని వదిలేసింది. ఆస్ట్రేలియా జలాల్లో వల లేదా గాలపుతాడు నీళ్లలో ఉండగా కళ్లతో చూసినవాళ్లు లేకపోవడమే కేసులో పెద్ద లోటు. కొండను తవ్వారు, చివరికి ఎలుక కూడా దక్కలేదు.

కాబట్టి పడవ ఎక్కిన మొదటి గంటలోనే తీసుకోవాల్సినవి తీసుకోండి. జీపీఎస్ ప్లాటర్‌లోని పాత దారి, ముందు అదే, ఎందుకంటే ఒక బటన్ నొక్కితే పోతుంది. తర్వాత లాగ్‌బుక్, ఉపగ్రహ ఫోను, తడిగా ఉన్న వల ఫొటో, ఐస్‌లో చేప ఎన్ని పొరలుగా ఉంది, పై పొర ఎంత తాజాగా ఉంది. పడవ తన స్థానం తెలిపే ఏఐఎస్ సిగ్నల్ ఎప్పుడు ఆపేసింది, మళ్లీ ఎక్కడ పెట్టింది, ఆ మధ్య కాలంలో రాడార్ ఉపగ్రహ చిత్రంలో ఏం కనపడింది, ఇవి తర్వాత తెప్పించుకోవచ్చు. సిగ్నల్ ఆపడమే నేరంగా, వల లోపల సర్దకుండా మన జలాల్లో ఉండటమే నేరంగా చట్టంలో రాసుకుంటే ఇంకా మంచిది. అప్పుడు చేప పట్టాడని రుజువు చేయాల్సిన బాధ సగం తగ్గుతుంది.

రేవు మూసేయండి

సముద్రంలో వెంటాడటం ఖరీదైన పని. రేవు దగ్గర కాచుకోవడం చవక. ఎంత పెద్ద దొంగ పడవైనా ఎక్కడో ఒకచోట చేప దింపాలి, డీజిల్ పోయించుకోవాలి, మనుషుల్ని మార్చాలి. 2016 జూన్ 5న అమల్లోకి వచ్చిన రేవు దేశాల ఒప్పందం ఈ ఆలోచన మీదే నిలబడింది. విదేశీ చేపల పడవ వచ్చేముందే కబురు పెట్టాలి, ఏం పట్టాం, ఎక్కడ పట్టాం, ఎవరి అనుమతితో పట్టాం అని. అనుమానం ఉంటే రానివ్వకపోవచ్చు, లేదా రానిచ్చి తనిఖీ చేసి, తప్పు తేలితే దింపనివ్వకుండా, డీజిల్ ఇవ్వకుండా పంపేయొచ్చు. మనుషుల ప్రాణాలకు ప్రమాదం ఉంటే మాత్రం రానివ్వాల్సిందే. తిప్పి పంపిన సంగతి చుట్టుపక్కల రేవులన్నిటికీ చెప్పాలి. ఇది మరిచిపోతే పక్క దేశపు రేవులో హాయిగా దింపుకుంటాడు. ట్యూనా జాతి చేపలకైతే మన హిందూ మహాసముద్రానికి ఒక కమిషన్ ఉంది, సీషెల్స్‌లో దాని ఆఫీసు, దొంగవేట పడవల జాబితా అదీ నడుపుతుంది. పేరు అందులో పడితే సభ్య దేశాల రేవులన్నీ కష్టమవుతాయి.

రేవు ఆంక్ష ఒక్కోసారి తప్పు మనిషికి తగులుతుంది. అమెరికా, మెక్సికోల గొడవ తీసుకోండి. మెక్సికో నుంచి లాంచా అనే చిన్న పడవలు, ఒక ఔట్‌బోర్డు మోటారుతో, టెక్సస్ దగ్గర అమెరికా జలాల్లోకి దూరి రెడ్ స్నాపర్ పట్టుకుపోతాయి. ఏళ్లపాటు పట్టుకోవడం, పంపడం, మళ్లీ పట్టుకోవడం. చివరికి 2022 ఫిబ్రవరి 7 నుంచి గల్ఫ్ ఆఫ్ మెక్సికోలోని అమెరికా రేవుల్లోకి మెక్సికో చేపల పడవలేవీ రాకూడదన్నారు. లాంచాలు అమెరికా రేవుకు ఎటూ రావు, వచ్చిన దారినే పోతాయి. దెబ్బ పడింది రూల్స్ పాటించే పెద్ద పడవలకు. దీని ఉద్దేశం మెక్సికో ప్రభుత్వాన్ని కదిలించడమే అనుకోండి, ఆ లెక్కన అర్థం ఉంది. కానీ 2024 నవంబరులో అమెరికా ఖజానా శాఖ ఇంకో పని చేసింది. ఈ లాంచా వ్యాపారం వెనకున్న గల్ఫ్ కార్టెల్ అనే మెక్సికో మాదకద్రవ్యాల ముఠా మనుషులు ఐదుగురి పేర్లు పెట్టి ఆస్తుల మీద ఆంక్షలు విధించింది. నన్నడిగితే ఆ రెండోది ముందే చేయాల్సింది.

కొనేవాడి గుమ్మం దగ్గర

ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇప్పటిదాకా బాగా పనిచేసిందంటే ఇదే. యూరోపియన్ యూనియన్ పద్ధతి ఫుట్‌బాల్ లాంటిది. ఏ దేశమైనా తన జెండా పడవల్ని అదుపు చేయకపోతే ముందు పసుపు కార్డు, వినకపోతే ఎర్ర కార్డు. ఎర్ర కార్డు పడితే ఆ దేశపు పడవలు పట్టిన సముద్రపు చేప యూరప్ గడప దాటదు. ప్రతి సరుకుతోనూ పట్టిన పడవ, చోటు, తేదీ ఉన్న ధ్రువపత్రం ఉండాలి.

మన పక్కనే ఉన్న శ్రీలంక దీన్ని పూర్తిగా అనుభవించింది. 2012 నవంబరులో పసుపు కార్డు వచ్చింది. వాళ్ల పొడవాటి ప్రయాణాల బోట్లు, రెండు మూడు వారాలు సముద్రంలోనే ఉండి ట్యూనా (మన సూర), కొమ్ముకోనాం పట్టేవి, ఎక్కడ తిరుగుతున్నాయో ప్రభుత్వానికే తెలిసేది కాదు, బోటులో పరికరం లేదు, శిక్షకు సరైన చట్టం లేదు. రెండేళ్లు మాటలు నడిచాయి. 2014 అక్టోబరులో ఎర్ర కార్డు, 2015 జనవరి నుంచి ఎగుమతి బంద్. అప్పుడు కదిలారు. చట్టం సవరించారు, బోట్లకు ఉపగ్రహ ట్రాకింగ్ పెట్టారు, అందరి సముద్రంలో వేటకు లైసెన్సు తప్పనిసరి చేశారు. 2016 జూన్‌లో నిషేధం ఎత్తేశారు.

థాయిలాండ్‌కు 2015 ఏప్రిల్‌లో పసుపు కార్డు పడింది, ఎర్ర కార్డు దాకా పోనివ్వలేదు. ఆ ఏడాదే కొత్త చట్టం తెచ్చారు, పడవ రేవు దాటేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు కాగితాలూ మనుషుల తలలూ లెక్కపెట్టే కేంద్రాలు పెట్టారు. 2019 జనవరిలో కార్డు తీసేశారు. వియత్నాంకు 2017 అక్టోబరులో పడిన పసుపు కార్డు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది.

ఇందులో నేర్చుకోవాల్సింది నాకు తోచినంతవరకు ఇది. బెదిరింపు పనిచేసేది ఆ దేశానికి మన మార్కెట్ నిజంగా అవసరమైనప్పుడే. కంబోడియాకు 2014లో ఎర్ర కార్డు పడింది, తీయించుకోవాలన్న తొందర వాళ్లలో పెద్దగా కనపడలేదు. రెండోది, కార్డు ఇచ్చేముందే ఏం చేస్తే తీసేస్తారో రాతపూర్వకంగా చెప్పాలి. తాళం వేసేవాడు తాళంచెవి ఎక్కడ పెట్టాడో చెప్పకపోతే అవతలివాడు ప్రయత్నం మానేస్తాడు. మూడోది కాస్త ఇబ్బందికరమైన మాట. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద దూరసముద్ర పడవల దండు ఉన్న చైనాకు యూరప్ ఇంతవరకు కార్డు ఇవ్వలేదు. చిన్న దేశాలు ఈ మాట ఎప్పుడూ ఎత్తి చూపిస్తాయి, వాళ్లది తప్పనలేం.

డబ్బు దారి

పడవ పోతే ఇంకో పడవ కొంటాడు. బ్యాంకు ఖాతా పోతే ఏం కొంటాడు?

స్పెయిన్ ఈ దారి పట్టింది. టూత్‌ఫిష్ దొంగవేట వెనక గలీషియా ప్రాంతపు కంపెనీలున్నాయని ఎప్పటినుంచో తెలుసు. 2014లో చట్టం మార్చి, స్పెయిన్ పౌరుడు ఏ దేశపు జెండా కింద, ఏ సముద్రంలో దొంగవేటతో లాభపడినా శిక్షించే వీలు తెచ్చుకున్నారు. ఆఫీసుల మీద దాడులు చేసి కాగితాలు పట్టుకున్నారు. 2016లో ఒక కుటుంబపు కంపెనీల మీద 1.7 కోట్ల యూరోలకు పైగా జరిమానా వేశారు. మీ దేశపు మనిషే బయట దొంగవేట చేయిస్తుంటే ముందు మీ చట్టాన్ని ఇలా మార్చుకోండి.

అమెరికా దగ్గర ఇంకా పెద్ద కర్ర ఉంది, డాలరు. 2022 డిసెంబరు 9న డాలియన్ ఓషన్ ఫిషింగ్, పింగ్‌టాన్ మెరైన్ అనే రెండు చైనా కంపెనీల మీద, వాళ్ల మనుషుల మీద ఆంక్షలు పెట్టింది, వాటికి సంబంధించిన 157 పడవల్ని పేరుపేరునా జాబితాలో చేర్చింది. కూలీల మీద దౌర్జన్యం, దొంగవేట అన్నవి ఆరోపణలు. పింగ్‌టాన్ అప్పటికి న్యూయార్క్‌లోని నాస్‌డాక్‌లో షేర్లు అమ్ముకుంటున్న కంపెనీ. ఒక్కసారి ఆ జాబితాలో పడితే అమెరికా బ్యాంకులు ముట్టుకోవు, మిగతా దేశాల బ్యాంకులు కూడా మనకెందుకొచ్చిన తలనొప్పి అని పక్కకి తప్పుకుంటాయి. ఇన్సూరెన్స్ కంపెనీలు అంతే.

లేసీ చట్టం కూడా వాళ్లదే, 1900 నాటిది. వేరే దేశపు చట్టం తప్పి పట్టిన చేపను అమెరికాలోకి తేవడం నేరం అంటుంది. దక్షిణాఫ్రికాలో హద్దుకు మించి పట్టిన లాబ్‌స్టర్లను న్యూయార్క్‌కు దింపిన బెంగిస్ అనే వ్యాపారి కేసులో 2004లో జైలుశిక్ష పడింది, తర్వాత దక్షిణాఫ్రికాకు రెండు కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం కట్టమంది కోర్టు. చేప పోగొట్టుకున్న దేశానికి డబ్బు తిరిగి రావడం అరుదు, అందుకే ఈ కేసు గుర్తుపెట్టుకోండి. మీ దగ్గర పెద్ద మార్కెట్ లేకపోతే మీ సాక్ష్యాన్ని ఆ మార్కెట్ ఉన్న దేశానికి ఇవ్వండి.

సబ్సిడీలు కోసే దారి కొత్తగా తెరుచుకుంది. ప్రపంచ వాణిజ్య సంస్థలో 2022లో కుదిరిన ఒప్పందం 2025 సెప్టెంబరు 15న అమల్లోకి వచ్చింది. దొంగవేటలో దొరికిన పడవకు, దాన్ని నడిపేవాడికి, చేరిన దేశాలు సబ్సిడీ ఇవ్వకూడదు. దూరసముద్రంలో డీజిల్ ఖర్చే అసలు ఖర్చు కాబట్టి ఇది గట్టిగా అమలైతే చాలామంది లెక్కలు తప్పుతాయి.

పడవలు పేల్చేయడం గురించి

ఎవరైనా అడుగుతారు, ఇండోనేషియాలా పేల్చేస్తే పోదా అని. సుసి పుజియాస్తుతి 2014 నుంచి 2019 వరకు అక్కడ మత్స్యశాఖ మంత్రి, ఆవిడ హయాంలో 500కి పైగా పడవల్ని ముంచారు. వాళ్ల 2009 చట్టం దానికి వీలిస్తుంది. విదేశీ పడవల వేట 90 శాతానికి పైగా తగ్గిందని ఉపగ్రహ సమాచారంతో చేసిన ఒక అధ్యయనం 2018లో చెప్పింది. టీవీలో పేలుళ్లు బాగా కనపడ్డాయి. కానీ అదే సమయంలో విదేశాల్లో కట్టిన పడవల లైసెన్సులన్నీ ఆపేశారు, సముద్రం మధ్యలో ఒక పడవ నుంచి ఇంకో పడవకు చేప మార్చడం నిషేధించారు. ఆ రెండూ ఫొటోకు పనికిరావు, కానీ పేలుడు కంటే ఎక్కువ పని చేసింది అవే అని నా అనుమానం. పేల్చాలనుకుంటే ముందు డీజిల్, ప్లాస్టిక్ తీసేయండి, కోర్టు ఉత్తర్వు తీసుకోండి.

కలాసీల సంగతి

ఇది మనకు దగ్గరి విషయం. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లు ఓనర్లు కాదు, వలస కూలీలు. సొంత ఊళ్లో వేట గిట్టక, జెట్టీలు లేక, వెరావల్ పోయి నెల జీతానికి బోటు ఎక్కినవాళ్లు. ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి, 2020 జనవరి 6న 20 మంది వాఘా దాటి ఇంటికొచ్చారు. బోటు ఓనరు మీద ఒక్క రోజు జైలు పడలేదు, పడదు కూడా. అవతలి ఒడ్డు నుంచి చూస్తే వీళ్లూ "విదేశీ దొంగ పడవే".

అందుకే ఆంక్షల చట్టం రాసేటప్పుడు రెండు గీతలు గీయండి. ఒకటి, పొరపాటున హద్దు దాటిన చిన్న బోటు వేరు, సిగ్నల్ ఆపేసి వచ్చిన ఫ్రీజర్ ట్రాలర్ వేరు. శ్రీలంక 2018లో విదేశీ బోట్ల చట్టాన్ని సవరించి బోటు పొడవును బట్టి 50 లక్షల నుంచి 17.5 కోట్ల శ్రీలంక రూపాయల దాకా జరిమానాలు పెట్టింది. పెద్ద ఓడకు అది సరిపోతుందేమో, రామేశ్వరం బోటు కలాసీకి మాత్రం అది కట్టలేని అప్పు, కట్టలేకపోతే జైలే. పాక్ జలసంధిలో రెండు వైపులా బతకాల్సినవాళ్లు ఉన్నారు, అడుగుని గీకే ట్రాలింగ్‌తో నష్టపోయింది జాఫ్నా తమిళ జాలర్లే అన్నదీ నిజమే. ఈ గొడవ జరిమానా అంకెలు పెంచితే తీరేది కాదు.

రెండో గీత, పడవ మీదున్న ప్రతివాడూ నేరస్తుడు కాదు. సరంగుని, చేపల లెక్క చూసేవాడిని విడిగా విచారించండి. మిగతావాళ్ల పాస్‌పోర్టులు ఎవరి దగ్గరున్నాయో, జీతం ఎన్ని నెలలు బాకీయో అడగండి. బలవంతపు కూలీ అని తేలితే అది ఓనరు మీద ఇంకో కేసు, చాలాసార్లు చేపల కేసు కంటే బలమైనది. వాళ్లే మీకు మంచి సాక్షులు కూడా, జైల్లో పెడితే నోరు విప్పరు. పూచీ డబ్బులోంచి, పడవ వేలం డబ్బులోంచి ముందు వాళ్ల జీతాలు, ఇంటికి పంపే ఖర్చు కట్టించేలా నిబంధన రాయండి.

ఏది ముందు, ఏది తర్వాత

వరుస అడిగితే నేనైతే ఇలా వెళ్తాను. ఐఎంఓ నంబరుతో ఫైలు, లైసెన్సు ఆపడం, రేవులకు కబురు, ఇవి మంత్రి సంతకం అక్కర్లేనివి, ఈ వారమే చేయొచ్చు. పడవ దొరికితే జప్తు, పూచీ లెక్క. ఈలోపు జెండా దేశానికి ఉత్తరం, గడువుతో. గడువు దాటితే ప్రాంతీయ కమిషన్ జాబితా. ఓనరు ఎవరో తేలాకే ఆస్తుల మీద ఆంక్షలు, తొందరపడి తప్పు పేరు పెడితే కోర్టులో కొట్టేస్తారు, తర్వాత నిజమైన పేరు పెట్టినా ఎవరూ నమ్మరు. మార్కెట్ నిషేధం అన్నిటికంటే చివర. దానివల్ల తప్పు చేయని జాలర్లు కూడా పస్తులుంటారు కాబట్టి. కట్టని జరిమానా ఉన్న కంపెనీకి, దాని చెల్లెలు కంపెనీకి కూడా, కొత్త లైసెన్సు ఇవ్వకూడదన్న ఒక్క లైను మాత్రం మొదటిరోజే రాసి పెట్టుకోండి.

మీరు ఆఫీసులో కాదు, సముద్రంలో ఉంటే, తెల్లారేసరికి ఎదురుగా తెలియని పెద్ద పడవ కనపడితే, దగ్గరికి పోకండి. జీపీఎస్ పాయింటు, టైము, పడవ రంగు, పక్కన రాసున్న పేరు, అంకెలు రాసుకోండి. వల నీళ్లలో ఉందా, పైన ఉందా, అది తప్పకుండా రాయండి. ఫోనులో ఫొటో తీయండి, మీ తీరం కూడా కనపడితే మరీ మంచిది. సిగ్నల్ అందగానే కోస్ట్ గార్డ్ 1554కి చెప్పండి, వీహెచ్ఎఫ్ వైర్‌లెస్ సెట్టు ఉంటే ఛానెల్ 16. ఒడ్డుకొచ్చాక అదే కాగితం మీద మీతో ఉన్న కలాసీల సంతకాలు పెట్టించి, తేదీ వేసి, ఒక కాపీ మీ దగ్గరే ఉంచుకోండి.